శ్రీశైలం కరెంటు - నీలం సంజీవరెడ్డిగారు

మన సంఘం ఈ ఏటి ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు పెద్దలలో ఒకరి జీవితం గురించి రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. కర్నూలువాడిని కాబట్టి దామోదరం సంజీవయ్యగారి గురించి రాస్తాననే మిత్రులు అనుకొని ఉంటారు. నేను ఎన్నుకున్నది మాత్రం నీలం సంజీవరెడ్డిగారిని. అందుకు కారణం ఉంది. 1967 నుంచి 2003 దాకా ముప్పై ఆరేళ్లు నేను విద్యుత్ బోర్డు ఉప్పు తిన్నవాడిని. ఆ బోర్డు ఏర్పడింది ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా. మన జిల్లాలో కృష్ణకు అడ్డంగా నిలిచిన శ్రీశైలం ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది కూడా ఆయన హయాంలోనే. ఆ జలాశయానికి తర్వాత ఆయన పేరే పెట్టారు. అయినా మన సీమలో నలుగురు రైతులు కూర్చున్నచోట ఆయన పేరెత్తితే, కరెంటు ఇచ్చాడు గాని నీళ్లు ఇవ్వలేదన్న నిష్ఠూరం తప్పక వినిపిస్తుంది. ఆ నిష్ఠూరంలో న్యాయం ఎంత ఉందో చూడాలని చాలాకాలంగా నా మనసులో ఉంది.

సంజీవరెడ్డిగారు 1913 మే 19వ తేదీన అనంతపురం జిల్లా ఇల్లూరు గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించారు. తండ్రి చిన్నప్పరెడ్డిగారు. మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం వారి పాఠశాలలోనూ, తర్వాత అనంతపురం ఆర్ట్స్ కళాశాలలోనూ చదివారు. 1929లో గాంధీగారు అనంతపురం వచ్చి వెళ్లినప్పటినుంచి ఆయన మనసు చదువు మీద నిలువలేదు. 1931లో కళాశాల వదలిపెట్టి ఉద్యమంలో దిగారు. 1938లో, అంటే పాతికేళ్ల వయసులో, ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి కార్యదర్శి అయి పదేళ్లు ఆ పదవిలో ఉన్నారు. 1940 నుంచి 1945 దాకా ఎక్కువ భాగం జైళ్లలోనే గడిచింది. అమరావతి జైలులో ప్రకాశం పంతులుగారు, సత్యమూర్తి, కామరాజు, వి.వి. గిరిగార్లతో కలిసి ఉన్నారు. ఆ గిరిగారితోనే తర్వాత ఒకనాడు రాష్ట్రపతి పదవికి పోటీపడవలసి వస్తుందని అప్పుడు ఎవరనుకుంటారు!

1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు, రాజ్యాంగ సభలోనూ సభ్యులయ్యారు. 1949లో మద్రాసు ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. 1951లో ఆ మంత్రి పదవి వదులుకొని ఆచార్య రంగాగారి మీద పోటీచేసి రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. మరుసటి ఏడాది ఎన్నికలలో మాత్రం సొంత ఊరిలాంటి అనంతపురంలోనే తరిమెల నాగిరెడ్డిగారి చేతిలో ఓడిపోయారు. నాగిరెడ్డిగారు కమ్యూనిస్టు నాయకులు, పైగా సంజీవరెడ్డిగారికి స్వయానా బావమరిది. రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షుడు ఇంటి మనిషి చేతిలోనే ఓడిన సంగతి మా చిన్నతనంలో పెద్దలు కథలా చెప్పుకొనేవారు.

అదే సమయంలో కృష్ణ నీటి విషయంలో ఒక పెద్ద నిర్ణయం జరిగిపోయింది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇంట జరిగిన శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం కృష్ణ, తుంగభద్ర నీళ్లలో మొదటి హక్కు సీమకు ఉండాలి. 1951లో మద్రాసు ప్రభుత్వం కృష్ణా-పెన్నా పథకమొకటి తయారుచేసింది. మన జిల్లాలోని సిద్ధేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి నీళ్లను పెన్నకు మళ్లించడం దాని ఆలోచన. ఆ నీళ్లు పెన్న దాటి మద్రాసుకు పోతాయన్న భయంతో ఆంధ్ర నాయకులు దాన్ని ప్రతిఘటించారు. 1952లో ఖోస్లా కమిటీ నందికొండవైపే మొగ్గింది. అదే తర్వాత నాగార్జునసాగరం అయింది. ప్రత్యేక రాష్ట్రం కావాలన్న కోరిక ముందు సిద్ధేశ్వరం చిన్నదైపోయింది. ఆంధ్ర కాంగ్రెసుకు అప్పుడు అధ్యక్షులు సంజీవరెడ్డిగారు. ఆ ఒక్కరి తప్పు అని నేను అనను గాని, సీమవాడు ఆ కుర్చీలో ఉండగా సిద్ధేశ్వరం పోయిందన్నది కాదనలేం.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. శ్రీబాగ్ మాట ప్రకారం రాజధాని కర్నూలుకు వచ్చింది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. నెహ్రూగారిని చూడడానికి మా నాయన నన్ను భుజాన ఎక్కించుకొని పోయినాడు. నాకు గుర్తున్నది మాత్రం నెహ్రూగారు కాదు, వరుసగా వేసిన గుడారాలు. ఆఫీసులకు చాలినన్ని భవనాలు లేక గుడారాలలోనే ఫైళ్లు పెట్టుకొని పనిచేశారు. రాత్రిళ్లు వాటిలో వెలిగే దీపాలు చూడడానికి పిల్లలమంతా పోయేవాళ్లం. మా వీధిలో అప్పటికి లాంతర్లే. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి, సంజీవరెడ్డిగారు ఉప ముఖ్యమంత్రి. 1955 ఎన్నికల తర్వాత బెజవాడ గోపాలరెడ్డిగారి ప్రభుత్వంలోనూ ఆయనది అదే స్థానం. మూడేళ్లకే రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. 1956 నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి సంజీవరెడ్డిగారే. తెలంగాణవారికి ఇస్తామన్న ఉప ముఖ్యమంత్రి పదవిని మాత్రం ఆయన పక్కన పెట్టేశారు. మూడేళ్లు అదే పదవిలో కూర్చున్న మనిషికి దాని విలువ ఏపాటిదో బాగా తెలిసే ఉంటుంది! కాని ఆ పని తెలంగాణలో ఒక మచ్చగా మిగిలిపోయింది.

ఆనాటి కరెంటు పరిస్థితి ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. ఆంధ్ర ప్రాంతానికి దిక్కు మాచ్‌ఖండ్, తుంగభద్ర. మాచ్‌ఖండ్ ఒరిస్సా సరిహద్దులో ఉంది, రెండు రాష్ట్రాల ఉమ్మడి సొత్తు. అన్ని యూనిట్లూ నడిస్తే 115 మెగావాట్లు, అందులో మన వాటా 70 శాతం. తెలంగాణలో నిజాం నాటి విద్యుత్ శాఖ వేరు, దాని నిబంధనలు వేరు. ఈ రెండు శాఖలను, రెండు రకాల ఉద్యోగులను, రెండు రకాల రేట్లను ఒక గొడుగు కిందకు తెచ్చి 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డును స్థాపించారు. 1948 నాటి కేంద్ర చట్టం అలాంటి బోర్డులు పెట్టమంటున్నది నిజమే. కాని కొత్తగా కలిసిన రెండు ప్రాంతాల మనుషులను ఒకే సీనియారిటీ జాబితాలో పెట్టడం ఎంత తలనొప్పో మన సంఘంలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. 1999 ఫిబ్రవరి 1న సంస్కరణల పేరుతో విడగొట్టేదాకా, రెండు నెలలు తక్కువ నలభై ఏళ్లు ఆ బోర్డు బతికింది. దాని లోపాలు దానికి ఉన్నాయి. పల్లెపల్లెకూ స్తంభం పాతింది కూడా అదే.

1960లో ఆయన అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులుగా వెళ్లగా సంజీవయ్యగారు ముఖ్యమంత్రి అయ్యారు. 1962 మార్చిలో ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నట్లే అయింది. సంజీవరెడ్డిగారు మన జిల్లాలోని డోన్ నుంచి గెలిచి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు, సంజీవయ్యగారు కాంగ్రెసు అధ్యక్షులయ్యారు.

ఇక శ్రీశైలం సంగతి. 1963 నాటికి కృష్ణ నీళ్ల మీద మహారాష్ట్ర, మైసూరు, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య తగవు ముదిరింది. ఆ ఏడాది మార్చిలో కేంద్ర మంత్రి హఫీజ్ మహమ్మద్ ఇబ్రహీంగారు లోక్‌సభలో తాత్కాలికంగా ఒక పంపకం ప్రకటించారు. మహారాష్ట్రకు 400 టీఎంసీలు, మైసూరుకు 600, మనకు 800. మనకు వచ్చిన నీళ్లు నాగార్జునసాగరం, కృష్ణా డెల్టా, కె.సి. కాలువ వంటి పాతవాటి లెక్కలోకే పోతాయి. శ్రీశైలం దగ్గర సేద్యానికి కొత్త కాలువ అడిగితే పై రాష్ట్రాలు గగ్గోలు పెట్టడం ఖాయం. కాని కరెంటు తీయడానికి నీళ్లు ఖర్చు కావు. చక్రం తిప్పి కిందికి పోయిన నీళ్లు సాగరంలో మళ్లీ పట్టుకోవచ్చు. కాబట్టి జలవిద్యుత్ ప్రాజెక్టు అంటే పై రాష్ట్రాలకు అభ్యంతరం చెప్పడానికి గట్టి కారణం దొరకదు. 1963 జులై 24న నెహ్రూగారి చేత శంకుస్థాపన జరిగింది. ఆ నెలలోనే కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖకు కె.ఎల్. రావుగారు మంత్రిగా వచ్చారు.

నా అభిప్రాయం ఏమిటంటే, సంజీవరెడ్డిగారు చేసింది చేతకాని పని కాదు, లెక్క వేసుకొని చేసిన పని. ముందు ఆనకట్ట లేవాలి. ఏ పేరుతో లేచినా నిలబడిన ఆనకట్టను ఎవరూ పడగొట్టరు. కాని ఆ లెక్కలో ఒక బాకీ మిగిలిపోయింది. కరెంటు కోసమని రాసుకున్న ఆనకట్టకు సేద్యం హక్కు కాగితం మీద లేకుండా పోయింది. 1969లో నియమించిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో తీర్పు ఇచ్చినప్పుడు శ్రీశైలానికి ఆవిరి నష్టం కింద 33 టీఎంసీలు రాసింది గాని, సీమ మెట్టభూముల కోసం అక్కడినుంచి కొత్తగా నికర జలాలు రాయలేదు. ఇంటి ముందు సముద్రమంత నీరు, తోడుకోవడానికి హక్కు లేదు.

ఆ ప్రాజెక్టు గోడలు లేవకముందే ఆయన ముఖ్యమంత్రి పదవి పోయింది, అదీ మన కర్నూలు జిల్లా మూలంగానే. పశ్చిమ కర్నూలు బస్సు రూట్లను ముందుగా జాతీయం చేయడంలో రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీసే ఉద్దేశం ఉందని ప్రైవేటు బస్సుల యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ ఆరోపణను ఖండిస్తూ ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ దాఖలు చేయలేదు. కోర్టు దాన్ని పట్టుకొని ఆ పథకాన్ని కొట్టేసింది. పదవి దిగిపొమ్మని కోర్టు చెప్పలేదు. ఆయనే 1964 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. ఈ కాలంలో అంతమాత్రానికి ఎవరైనా దిగిపోతారా అని మన సంఘం గదిలో చాలాసార్లు వాదన జరిగింది. రాజీనామా గొప్పదే. రూట్ల ఎంపిక సరైనదని మాత్రం నేను వాదించలేను.

తర్వాతి కథ దేశమంతటికీ తెలిసిందే. 1964లో కేంద్రంలో ఉక్కు, గనుల మంత్రి. 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచి స్పీకరు అయ్యారు. స్పీకరుకు పార్టీ ఉండరాదని కాంగ్రెసు సభ్యత్వం వదులుకున్నారు. 1969లో రాష్ట్రపతి పదవికి కాంగ్రెసు అభ్యర్థిగా నిలబడి, ఇందిరాగాంధీగారు అంతరాత్మ ఓటు అనడంతో గిరిగారి చేతిలో కొద్ది తేడాతో ఓడిపోయారు. ఆపైన అనంతపురం వచ్చి సేద్యం చూసుకున్నారు.

1977 ఎన్నికల నాటికి నేను నంద్యాలలో పని చేస్తున్నాను. ఆయన జనతా అభ్యర్థిగా నంద్యాలలోనే నిలబడ్డారు. రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెసుకు పోగా, జనతాకు దక్కింది ఆ ఒక్కటే. ఫలితం తెలిసిన రాత్రి మా సబ్‌స్టేషన్ ముందు జనం టపాకాయలు కాలుస్తుంటే, ఎక్కడ లైను మీద పడతాయోనని మా లైన్‌మన్ వాళ్లను తరుముతూ తిరిగినాడు. మార్చిలో మళ్లీ స్పీకరు, జులై 25న ఏకగ్రీవంగా రాష్ట్రపతి. చరణ్ సింగ్, ఇందిరాగాంధీ ఇద్దరు ప్రధానులూ ఆయన ఎదుటే ప్రమాణం చేశారు.

ఆయన రాష్ట్రపతి భవనంలో ఉన్న రోజులలోనే ఇక్కడ శ్రీశైలం మునక జరిగింది. మన జిల్లాలోనూ మహబూబ్‌నగర్ జిల్లాలోనూ కలిపి వందకు పైగా గ్రామాలు, లక్షకు పైగా మనుషులు. 1981 వేసవిలో పోలీసులను, బుల్‌డోజర్లను పెట్టి ఊళ్లు ఖాళీ చేయించారు. నాతో పనిచేసిన ఒక మిత్రుడిది నందికొట్కూరు వైపు మునిగిన ఊరే. పరిహారం డబ్బు వచ్చింది గాని దానితో అంతటి భూమి ఎక్కడా దొరకలేదని చెప్పేవాడు. మునిగినవారికి ఇంటికొక ఉద్యోగం ఇస్తామని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. ఆ జీవో కింద ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ వయసు దాటిపోయినవారు ఎందరో. కరెంటు గురించి రాసేటప్పుడు ఈ లెక్క రాయకపోతే మనం ఉద్యోగం చేసిన సంస్థకు అబద్ధం చెప్పినట్లే.

1982 జులైలో ఆయన పదవీకాలం ముగిసింది. ఆ ఏడాదే కుడిగట్టు పవర్ హౌస్‌లో మొదటి యూనిట్ తిరిగింది. 1987 నాటికి 110 మెగావాట్ల యూనిట్లు ఏడు, మొత్తం 770 మెగావాట్లు సిద్ధమయ్యాయి. బొగ్గు అక్కరలేని కరెంటు, మీట నొక్కిన కొద్ది నిమిషాలలో వచ్చే కరెంటు. సాయంత్రం ఆరుకు రాష్ట్రమంతా ఒక్కసారి దీపాలు వేసేవేళ బోర్డును ఆదుకున్నది అదే.

ఇక్కడ ఒక సంగతి చాలామంది గమనించరు. అనంతపురం, కడప, కర్నూలు మెట్టల్లో కాలువ లేనిచోట కరెంటే నీళ్లు. బావిలో మోటారు పెట్టుకున్న రైతుకు ఫీజు పోతే పంట పోతుంది. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం హార్స్‌పవరుకు ఏడాదికి 50 రూపాయల స్లాబు పెట్టినప్పుడు, 2004లో రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వం ఉచితం చేసినప్పుడు సీమలో ఊరూరా కొత్త బోర్లు లేచాయి. ఆ గ్రిడ్డుకు పోసిన కరెంటులో శ్రీశైలానిదీ ఒక పాలు. కాబట్టి ఆయన సీమకు నీళ్లు ఇవ్వలేదన్న మాట పూర్తిగా నిజం కాదు, తీగల మీద కొంత వచ్చాయి. కాని ఆ నీళ్లు కృష్ణవి కావు, మన కాళ్ల కింది భూమిలోవే. వంద అడుగుల్లో పడే నీరు ఐదారు వందల అడుగులకు దిగిపోయింది. బోరు ఎండిన రైతు దగ్గరకు నేను బిల్లు బకాయి కోసం వెళ్లిన రోజులు ఉన్నాయి. ఆ ఇళ్లలో మంచినీళ్లు అడగడానికి కూడా మనసొప్పేది కాదు.

కాలువ మాత్రం పోరాటం చేస్తేనే వచ్చింది. మద్రాసు దాహం తీర్చడానికి మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీలు ఇస్తామన్న 1976 నాటి ఒప్పందం పుణ్యమా అని 1983లో తెలుగుగంగ మొదలైంది. సిద్ధేశ్వరాన్ని మద్రాసు పేరు చెప్పి వద్దనుకున్నాం, చివరకు మద్రాసు పేరు చెప్పుకొనే శ్రీశైలం నుంచి నీళ్లు తెచ్చుకున్నాం. 1980లలో సీమలో పాదయాత్రలు, ధర్నాలు జరిగాయి. పోతిరెడ్డిపాడు దగ్గర 11,150 క్యూసెక్కుల తూములు పెట్టారు. 2005లో దాన్ని 44,000 క్యూసెక్కులకు పెంచారు.

తూములు ఉంటే చాలదు, వాటికి నీరు అందాలి. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. పోతిరెడ్డిపాడుకు నీళ్లు సరిగా పారాలంటే 854 అడుగులకు తగ్గకూడదు. పవర్ హౌస్ తూములు అంతకంటే చాలా దిగువన ఉన్నాయి, వాటికి ఆ బాధ లేదు. ఒక టీఎంసీ నీళ్లను చక్రాల మీదుగా వదిలితే అరకోటి యూనిట్లకు కాస్త పైన కరెంటు వస్తుంది. అదే టీఎంసీ ఆరుతడి పైరుకు పెడితే దాదాపు పదివేల ఎకరాలు పండుతుంది. కాబట్టి ప్రతి ఏటా కరెంటువాళ్లు, కాలువవాళ్లు ఆ మట్టం దగ్గరే తగవు పడతారు. 1996లో ప్రభుత్వం కనీస మట్టాన్ని 834 అడుగులకు దించింది. 2004లో 107వ నంబరు జీవోతో మళ్లీ 854కు తెచ్చింది. రాష్ట్రం రెండయ్యాక కుడిగట్టు పవర్ హౌస్ మనకు, 900 మెగావాట్ల ఎడమగట్టు తెలంగాణకు వచ్చాయి. 2021లో జలాశయం నిండకముందే తెలంగాణ ఎడమగట్టున కరెంటు తీయడం మొదలుపెట్టడంతో రెండు ప్రభుత్వాలూ కేంద్రం దాకా వెళ్లాయి. ఇది విద్యుత్ ప్రాజెక్టుగానే కట్టారన్నది తెలంగాణ వాదన. అంటే 1963లో మన సీమ ముఖ్యమంత్రి ఏ పేరు చెప్పి అనుమతి తెచ్చారో ఆ పేరునే ఈనాడు సీమకు ఎదురుగా చూపిస్తున్నారు.

ఆయన ఈ తగవు ఇంతదూరం రావడం చూడలేదు. పదవీ విరమణ తర్వాత రాజకీయాలవైపు మళ్లీ తిరిగి చూడలేదు. 1989లో తన అనుభవాలను ఇంగ్లీషులో పుస్తకంగా అచ్చువేయించారు. 1996 జూన్ 1న బెంగళూరులో కన్నుమూశారు. కనీస మట్టాన్ని 834కు దించిన జీవో వచ్చింది ఆ ఏడాదే. తెలుగుగంగ ద్వారా కృష్ణ నీళ్లు మొదటిసారి తమిళనాడు చేరింది కూడా ఆ ఏడాదే.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు నేను కరెంటువాళ్ల పక్షమే. యూనిట్ల లెక్క తప్ప మరో లెక్క తెలియదు. రిటైరయ్యాక మా తమ్ముడి చేను చూసుకుంటూ ఉంటే అటువైపు లెక్క కూడా తెలిసింది. జూన్ నుంచి నవంబరు దాకా రోజూ పొద్దున పేపరు రాగానే ముందు శ్రీశైలం మట్టం చూస్తాను. నీళ్లు బాగా తగ్గిన ఏడు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. మునిగిన ఊరి మిత్రుడు నన్ను తోడు తీసుకొని ఏటా అక్కడికి పోతాడు. గుడిలో దండం పెట్టుకొని, ఆరిన ఒండ్రు మీద నడుచుకుంటూ వెళ్లి, తమ ఇల్లు ఫలానా చోట ఉండేదని చేత్తో చూపిస్తాడు. ఈసారి కూడా పోయి వచ్చాం.